అద్దంలా మెరిసే రేకు మీద వయొలిన్ పట్టుకున్న ఆ పిల్లాడు ఎవరు?

వేలంలో కొన్న చిన్న పెట్టె ఫొటో గురించి మీరు మూడు సంగతులు అడిగారు. తోలు అతికిన చెక్క పెట్టె, తెరిస్తే లోపల ఇత్తడి చట్రం, దాని వెనక అద్దంలా మెరిసే రేకు. ఆ రేకు మీద ఎనిమిదో తొమ్మిదో ఏళ్లున్న కుర్రాడు, ఒళ్ళో వయొలిన్. పెట్టె అడుగున అతికించిన కాగితం మీద "బాల యోఆకిమ్, 1844" అని ఉంది. ఈ పిల్లాడు నిజంగా, తర్వాత గొప్ప వయొలిన్ విద్వాంసుడైన జోసెఫ్ యోఆకిమేనా? కమాను ఎడమ చేతిలో ఉంది కాబట్టి ఎడమచేతివాటం వాడా? బొమ్మ మీద పరుచుకున్న మసకను ఎలా తుడవాలి? ఇవీ మీ ప్రశ్నలు.

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే అది ఆగేది కాదు. తుడవకండి. దూదితో వద్దు, కళ్లజోడు తుడిచే బట్టతో వద్దు, నోటితో ఊదడం కూడా వద్దు. మీ దగ్గరున్నది డాగెరోటైపు, అంటే వెండి పూత రేకు మీద నేరుగా తీసే తొలినాటి ఫొటో. అందులో బొమ్మ రేకులోకి ఇంకి ఉండదు, రంగులా గట్టిగా అంటుకుని ఉండదు. వెండి, పాదరసం కలిసిన అతి సన్నని రేణువులు మెరుగుపెట్టిన వెండి మీద సీతాకోకచిలుక రెక్క మీది పొడిలా కూర్చుని ఉంటాయి. వేలు ఒక్కసారి రాసుకుందంటే ఆ మేర బొమ్మ పోయినట్టే. దానికి నెగటివ్ ఉండదు, రెండో ప్రతి ఉండదు.

ముప్ఫై ఏళ్లుగా పాత ఫొటోలు చూడడమే నా పని. మొదటి ఏడాదిలో నా చేతికొచ్చిన రెండో డాగెరోటైపులో ఒక పాప కూర్చుని ఉండేది. చెంప మీద దుమ్ములాంటి చుక్క కనిపిస్తే మెత్తటి బ్రష్షు కొనతో తాకాను. చుక్క పోలేదు, చెంప పోయింది. ఇప్పటికీ ఆ ప్లేటు నా దగ్గరే ఉంది. ఆ పాప ముఖంలో కుడి వైపు సన్నని గీతలు, వాటి వెనక ఖాళీ వెండి. కొత్తగా ఈ పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకి మొట్టమొదట ఆ ప్లేటే చూపిస్తాను.

మీరు పంపిన ఫొటోలో కనిపిస్తున్న మసకలో చాలా భాగం రేకు మీద లేదనే నా అనుమానం. పైనున్న గాజు లోపలివైపు ఉన్నట్టుంది. పాత గాజు తేమ తగిలితే దానంతటదే చెమ్మగిల్లుతుంది, సన్నని బిందువులూ తెల్లటి పొరా కడుతుంది. పాత ఫొటోల సంరక్షణ తెలిసినవాళ్లు ప్లేటుని విప్పి, గాజు మాత్రం మార్చి, అంచులు మళ్లీ మూసేస్తారు. ఆ పని ఇంట్లో చేసేది కాదు. ఇక అంచుల వెంట నీలం, ఊదా, గోధుమ రంగుల్లో కనిపిస్తున్నది వెండికి గాలి తగిలి పట్టిన చిలుము. అది ఆ వస్తువు వయసులో భాగం. చిలుము వదిలిస్తామంటూ రసాయనాల్లో ముంచినవాళ్లు పూర్వం చాలామంది ఉన్నారు. వాళ్ల చేతుల్లో అప్పటికప్పుడు తళతళలాడి, కొన్నేళ్లకే మచ్చలు తేలిన ప్లేట్లు ఎన్నో చూశాను.

ఇప్పుడు ఎడమ చేయి సంగతి. మీ ఫొటోలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. అందుకని కొంచెం తీరిగ్గా చెబుతాను.

డాగెరోటైపు పద్ధతిని 1839 ఆగస్టు 19న పారిస్‌లో బయటపెట్టారు. రాగి రేకుకి వెండి పూత ఉంటుంది. దాన్ని ముఖం కనిపించేలా మెరుగుపెట్టి, అయొడిన్ ఆవిరి పట్టించి కెమెరాలో పెడతారు. బయటికి తీశాక వేడి చేసిన పాదరసం ఆవిరి మీద పట్టుకుంటే బొమ్మ తేలుతుంది. తర్వాత బొమ్మ చెరగకుండా నిలబెట్టే హైపో అనే రసాయనంలో కడుగుతారు. 1840లో ఫిజో అనే ఆయన బంగారు లవణంతో కడిగి బొమ్మని కాస్త గట్టిపరిచే మార్గం కనిపెట్టాడు. ఇక్కడ అసలు విషయం ఏమిటంటే, కెమెరాలో వెలుగు పడిన రేకే మన చేతిలోకి వస్తుంది. నెగటివ్ నుంచి కాగితం మీదకి తీస్తే కుడి ఎడమలు సర్దుకుంటాయి. ఇక్కడ మధ్యలో మరో మెట్టు లేదు కాబట్టి అద్దంలో చూసుకున్నట్టే తిరగబడి ఉంటాయి. కుడిచేత్తో కమాను పట్టుకున్న పిల్లాడు బొమ్మలో ఎడమచేత్తో పట్టుకున్నట్టు కనిపిస్తాడు.

కొందరు ఫొటోగ్రాఫర్లు లెన్సు ముందు అద్దమో పట్టకమో బిగించి బొమ్మను సరిచేసేవాళ్లు. కానీ దానివల్ల వెలుగు తగ్గి, కూర్చోవలసిన సమయం పెరిగేది. మనుషుల ఫొటోలకు అందుకే దాన్ని అంతగా వాడలేదు. అయినా మీ ప్లేటులో అది వాడారా లేదా అన్నది ఊహించనక్కర్లేదు. ఆ పిల్లాడి కోటే చెబుతుంది. మగపిల్లల కోటులో ఎడమ అంచు కుడి అంచు మీదకి వస్తుంది. ఎదురుగా నిలబడి చూసేవాళ్లకు తమ కుడివైపునున్న అంచు పైన కనిపించాలి. మీ బొమ్మలో చూసేవాళ్ల ఎడమవైపు అంచు పైనుంది. అంటే బొమ్మ తిరగబడే ఉంది.

వయొలిన్ దగ్గరకొస్తే సాక్ష్యం ఇంకా గట్టిది. పదిరెట్ల భూతద్దం తీసుకుని, గాజు మీద ఆనించకుండా, తీగలు బ్రిడ్జి (వాటిని పైకెత్తి పట్టే చిన్న చెక్క) మీదుగా వెళ్లేచోట చూడండి. ఆ రోజుల్లో తీగలు జంతువుల పేగుతో చేసినవి. నాలుగింటిలో అన్నిటికన్నా మంద్రంగా పలికే జి తీగకి మాత్రం పైన సన్నని లోహపు తీగ చుట్టేవారు. మిగతా మూడూ మసగ్గా పాలిపోయి ఉంటే అదొక్కటి మెరుస్తుంది. వయొలిన్ తల పైకి ఉన్నట్టు ఊహించుకుని ఎదురుగా చూస్తే మామూలు వయొలిన్‌లో జి తీగ మన ఎడమవైపు ఉంటుంది. మీరు పంపిన దగ్గరి ఫొటోని పెద్దది చేసి చూశాను. మెరిసే తీగ కుడి చివర ఉంది. కోటు చెప్పిందే వయొలిన్ కూడా చెప్పింది. ఈ పిల్లాడిది మామూలు వయొలిన్, కమాను పట్టింది కుడి చెయ్యే. ఎడమచేతివాటం కోసం తీగలు మార్చి బిగించిన వయొలిన్ అయితే తిరగబడిన బొమ్మలో జి తీగ ఎడమకి వచ్చేది, కమాను కుడిచేతిలో ఉన్నట్టు కనిపించేది.

మీకు వచ్చిన సందేహమే చాలామందికి వస్తుంది. కేటలాగుల్లో "ఎడమచేతి వాద్యకారుడు" అని రాసిన డాగెరోటైపులు నేను చూసినవాటిలో ఒక్కటి కూడా పరీక్షకి నిలవలేదు. ఇనుప రేకు మీద తీసే టిన్‌టైపులూ ఇంతే, తిరగబడే ఉంటాయి. గాజు మీద తీసే ఆంబ్రోటైపుతో మాత్రం జాగ్రత్త. ఆ గాజుని ఏ వైపు తిప్పి పెట్టెలో పెట్టారన్నదాన్ని బట్టి బొమ్మ సరిగానూ ఉండొచ్చు, తిరగబడీ ఉండొచ్చు. కాబట్టి వాటిలో గుండీలూ తీగలూ చూడకుండా చేతివాటం గురించి మాట్లాడకూడదు. మీదానికి ఆ బెడద లేదు. పెట్టెను అటూ ఇటూ వంచితే బొమ్మ ఒకసారి మామూలుగా, ఒకసారి నెగటివ్‌లా కనబడుతోందని మీరే రాశారు. అది డాగెరోటైపు ఒక్కదానికే ఉన్న లక్షణం. బొమ్మలో తెల్లగా కనిపించేది రేణువులు వెలుగును చెదరగొట్టేచోటు. నల్లగా కనిపించేది ఉత్త వెండి అద్దం, ఎదురుగా ఏది ఉంటే దాన్నే చూపిస్తుంది. ముందు తెల్లగోడ ఉంటే నలుపు కాస్తా తెల్లబడిపోతుంది.

"వయొలిన్‌కి నల్లరంగు వేశారా?" అని కూడా మధ్యలో అడిగారు. లేదు. అప్పటి ప్లేట్లకు నీలం, ఊదా వెలుగే బాగా తగిలేది. ఎరుపు, పసుపు దాదాపు తగిలేవే కావు. ఎర్రటి, తేనెరంగు వార్నిష్ ఉన్న వయొలిన్ అందుకే కాటుక పూసినట్టు వస్తుంది. నీలికళ్లు తెల్లబారి గుడ్డివాళ్ల కళ్లలా కనిపిస్తాయి, ముఖం మీది చిన్న మచ్చలు నల్లగా తేలతాయి. మీ కుర్రాడి కళ్లు చూడండి, కనుపాపల చుట్టూ ఎంత పాలిపోయి ఉన్నాయో. నీలం గానీ లేత బూడిదరంగు గానీ అయి ఉంటాయి. బుగ్గల మీది గులాబీరంగు కెమెరా పట్టింది కాదు, తర్వాత బ్రష్షుతో అద్దిన పొడిరంగు. కోటు గుండీల మీది బంగారు చుక్కలూ అంతే. తుడవద్దన్నానంటే ఇది కూడా ఒక కారణం.

ఇక ఈ పిల్లాడికి నిజంగా వయొలిన్ వచ్చా, లేక స్టూడియో వాళ్లు చేతిలో పెట్టిందా? మీరు అడగలేదు గానీ, పేరు కన్నా ముందు తేల్చుకోవలసింది ఇదే. స్టూడియోల్లో పుస్తకం, పూలబుట్టలాగే వాద్యాలు కూడా అలంకారానికి ఉండేవి. పిల్లాడి చేతిలో వయొలిన్ ఉన్నంతమాత్రాన బాలమేధావి అయిపోడు.

నేను చిన్నతనంలో ఏడేళ్లు వయొలిన్ నేర్చుకున్నాను. ఆ చదువు ఎక్కువగా ఉపయోగపడింది ఇలాంటి ఫొటోలు చూడడానికే. ముందు కమాను చేయి చూస్తాను. వాయించడం రానివాడు కమానుని కర్రలా పిడికిట్లో పట్టుకుంటాడు, లేదా పెన్సిల్‌లా చివళ్లతో పట్టుకుంటాడు. నేర్చుకున్నవాడు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నా, బొటనవేలు కొంచెం వంగి పుల్లకీ వెంట్రుకలకీ మధ్య దూరి ఉంటుంది, చిటికెనవేలు పుల్ల మీద గుండ్రంగా ఆని ఉంటుంది. చెయ్యి ఎన్నో గంటలు ఆ ఆకారంలో గడిపింది కాబట్టి పని లేనప్పుడు కూడా అలాగే ఉండిపోతుంది. మీ కుర్రాడి చిటికెనవేలు భూతద్దంలో చూస్తే మొదటి కణుపు దగ్గర వంగి, పుల్ల మీద కొన మాత్రమే ఆని ఉంది. బొటనవేలు సగమే కనిపిస్తోంది, కానీ నిటారుగా లేదు. ఒక్క క్షణంలో ఎవరో సర్దిపెడితే వచ్చే భంగిమ కాదు అది. తీగల వైపున్న చేతి గోళ్లు చూడండి, మాంసం దాకా కత్తిరించి ఉన్నాయి. అవతలి చేతి గోళ్లు కాస్త పొడవున్నాయి. తీగలు నొక్కే చేతి గోళ్లు పెరగనివ్వరు. అలాంటి తేడా స్టూడియోలో పుట్టదు. ఈ పిల్లాడు వయొలిన్ వాయించేవాడు. అంతవరకు నాకు అనుమానం లేదు.

వాయిస్తున్నట్టు కాకుండా ఒళ్ళో పెట్టుకుని ఎందుకు కూర్చున్నాడంటే, కాలం చాలక. 1839లో మొదలైనప్పుడు ప్లేటుకి నిమిషాల తరబడి వెలుగు కావాల్సి వచ్చేది. పెట్జ్‌వాల్ లెక్కగట్టిన వెలుగు ఎక్కువ పట్టే లెన్సు 1840లో వచ్చింది, ఆ తర్వాత అయొడిన్‌కి తోడు బ్రోమిన్ ఆవిరి కూడా పట్టించడం మొదలైంది. దాంతో మంచి వెలుగులో నిమిషం లోపుకి దిగింది. అయినా పిల్లాడికి పది, ఇరవై సెకన్లు చాలా ఎక్కువ. తలని వెనకనుంచి ఇనుప ఊతకర్రతో పట్టి ఉంచేవారు. మీ బొమ్మలో కుర్చీ కాలి వెనక ఇంకో సన్నని నల్లటి పాదం కనిపిస్తోందే, అది ఆ ఊతకర్రదే. తల ఆగుతుంది గానీ కమాను కొన ఆగదు. మణికట్టు దగ్గర గింజంత కదిలితే అవతలి కొన దగ్గర అంగుళం కదులుతుంది. అందుకే ఆ కాలపు చిత్రాల్లో వయొలిన్ ఒళ్ళోనో చంకలోనో ఉంటుంది, కమాను కిందికి దించి ఉంటుంది. మీదాంట్లో కూడా గమనించండి. ముఖం మీద కనుబొమల వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, కానీ మోకాలి దాటి వెళ్లిన కమాను కొన మాత్రం రెండుగా చీలినట్టు మసగ్గా ఉంది. మధ్యలో ఒకసారి ఊపిరి గట్టిగా పీల్చి ఉంటాడు. ఆ ఊపిరి అక్కడ ఉండిపోయింది.

ఇదంతా 1880 ప్రాంతంలో ఫ్యాక్టరీల్లో తయారైన పొడి జెలటిన్ ప్లేట్లు వచ్చేదాకా. అప్పటినుంచి వెలుగు బాగుంటే రెప్పపాటు చాలు. 1875లో పుట్టిన వయొలిన్ విద్వాంసుడు ఫ్రిట్స్ క్రైస్లర్ తరం బాలమేధావుల నుంచి వయొలిన్ గడ్డం కిందికి ఎత్తి, కమాను తీగల మీద ఆనించి దిగిన ఫొటోలు విరివిగా దొరుకుతాయి.

ఇప్పుడు పేరు. ఆ కాగితం మీద రాసింది నమ్మలేను, కారణాలు చెబుతాను.

యోఆకిమ్ 1831 జూన్ 28న అప్పటి హంగరీలోని కిట్సేలో పుట్టాడు. ఏడేళ్లకే పెస్ట్‌లో (ఇప్పటి బుడాపెస్ట్‌లో భాగం) జనం ముందు వాయించాడు. 1844 మే 27న లండన్ ఫిల్హార్మోనిక్ సొసైటీ కచేరీలో సంగీతకర్త మెండెల్సోన్ వాద్యబృందాన్ని నడిపిస్తుండగా, దానితో కలిసి బేతోవెన్ వయొలిన్ కాన్చెర్టో వాయించి పేరు తెచ్చుకున్నాడు. బాలమేధావులను వేదిక ఎక్కించకూడదని ఆ సొసైటీకి నియమం ఉండేది, అతనికోసం దాన్ని పక్కన పెట్టారు. ఆ సాయంత్రానికి అతనికి పదమూడు నిండడానికి ఇంకా నెల ఉంది. మీ కాగితం మీద "1844" వేసినవాళ్లకి తెలిసింది ఈ ఒక్క సంగతే అయ్యుంటుందని నా అంచనా. చరిత్రలో బాగా వినబడిన తేదీని తెచ్చి ఫొటోకి తగిలిస్తారు. మీ బొమ్మలో ఉన్నది పదమూడేళ్ల పిల్లాడు కాదు. మెడ సన్నం, బుగ్గల్లో ఇంకా పసితనం, కుర్చీలో కూర్చుంటే కాళ్లు నేలకి అందక కింద పీట వేశారు.

వయసు మీద ఆధారపడడం ప్రమాదమే, ఒప్పుకుంటాను. బాలమేధావుల వయసు తగ్గించి చెప్పడం ఆ రోజుల్లో మామూలు. 1778లో కొలోన్ కచేరీ ప్రకటనలో బేతోవెన్‌కి ఆరేళ్లని వేయించాడు వాళ్ల నాన్న, నిజానికి ఏడు దాటాయి. పిల్లాడికి చిన్నపిల్లల కాలర్ తొడిగి, చేతిలో పెద్ద సైజు వయొలిన్ పెడితే ఇంకో ఏడాది తగ్గుతుంది. అందుకే ఫొటోలో పిల్లాడు ఎంతవాడిలా ఉన్నాడో దాన్నిబట్టి ఒక నిర్ణయానికి రాకుండా, పెట్టె ఏమంటోందో కూడా చూడాలి.

మీ ప్లేటు 7 సెంటీమీటర్లకి 8 పైచిలుకు. వ్యాపారంలో దీన్ని ఆరోవంతు ప్లేటు అంటారు, అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడుపోయిన సైజు. గాజునీ చట్రాన్నీ ప్లేటునీ కలిపి చుట్టూ పల్చని ఇత్తడి రేకు మడిచి ఉంది చూశారూ, ఆ మడత రేకు 1840ల చివర్లో గానీ వాడుకలోకి రాలేదు. మీదాని మీద పూలతీగెలు కూడా అచ్చొత్తి ఉన్నాయి. అంత పనితనం ఉన్నవి 1850ల్లో ఎక్కువ. పుస్తకంలా తెరుచుకునే తోలుపెట్టె అమెరికాలో, ఇంగ్లండ్‌లో అలవాటు. జర్మన్, ఫ్రెంచి ఫొటోగ్రాఫర్లు ఎక్కువగా గాజు వెనక కాగితపు చట్రం పెట్టి, గోడకి వేలాడదీసేలా కట్టేవాళ్లు. ఇవన్నీ కలిపి చూస్తే అమెరికా, 1850ల తొలి సగం అన్నవైపే మొగ్గుతాను. పెట్టెలు మారుతుంటాయి, పాత ప్లేటుని కొత్త పెట్టెలో పెట్టడం చాలాసార్లు జరిగింది. అంచున అంటించిన కాగితపు పట్టీ చెక్కుచెదరకుండా పాతదే అయితే మార్చలేదని ధైర్యంగా అనొచ్చు. దాన్ని విప్పకుండా పక్కనుంచి చూసి చెప్పగలిగేవాడు సంరక్షకుడే.

ప్లేటు మూలన ముద్ర ఉంటుంది, తయారుచేసినవాళ్ల గుర్తూ, తరచుగా 40 అనే అంకె కూడా. 40 అంటే బరువులో నలభయ్యో వంతు వెండి అని. అది చట్రం కింద దాగి ఉంటుంది కాబట్టి సంరక్షకుడు విప్పినప్పుడు తప్పకుండా ఫొటో తీయించండి. స్కోవిల్ అనే కంపెనీ పేరు ఉంటే అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో తయారైన ప్లేటు. ఫ్రెంచి ముద్ర ఉంటే మాత్రం యూరప్ ఫొటో అనేసుకోకండి, ఫ్రెంచి ప్లేట్లను అమెరికా ఫొటోగ్రాఫర్లు పెట్టెలకు పెట్టెలు కొనేవాళ్లు. ప్లేటు వెనక, పెట్టె అడుగున చీటీలూ చూడాలి. పేరు రాసిన కాగితం ముక్కలు, పత్రికలోంచి కత్తిరించిన రెండు వాక్యాలు, ఒక్కోసారి దారంతో కట్టిన జుట్టుపాయ అక్కడే దొరుకుతాయి. నేను పేరు తేల్చగలిగిన ఫొటోల్లో ఎక్కువ అలా తేలినవే, ముఖాలు పోల్చి కాదు.

అమెరికా, 1850లు అనగానే మీరు వెంటనే వెతికి, ఆ కాలంలో అక్కడ కచేరీలు చేసిన పాల్ జూలియెన్ అనే ఫ్రెంచి వయొలిన్ కుర్రాడి పేరు పట్టుకొస్తారని తెలుసు. 1852లో అమెరికా వచ్చిన మరో బాల వయొలిన్ వాద్యకారిణి కామిల్లా ఉర్సో కూడా కనిపిస్తుంది. ఆమె ఆడపిల్ల, మీ ఫొటోలో జుట్టుకి పక్కపాపిడి, కోటు, కాబట్టి ఆ పేరు వదిలేయొచ్చు. జూలియెన్ పేరు దగ్గర ఆగండి. తెలిసిన పేర్లు తక్కువ కాబట్టి మన చేతికొచ్చిన ప్రతి ఫొటోనీ ఆ నాలుగు పేర్లలో ఒకదానికి తగిలించాలనిపిస్తుంది. ఊరి చర్చిలో, చిన్న హాళ్లలో, కుటుంబ బృందాల్లో వాయించిన పిల్లలు వందలమంది. వాళ్ల పేర్లు ఒక్కరోజు పత్రికలో పడి ఆగిపోయాయి.

కార్ట్ డి విజిట్లు వచ్చాక ఈ ఇబ్బంది తగ్గింది. డిస్దేరి అనే ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ 1854లో పేటెంటు తీసుకున్న ఆ చిన్న అట్టముక్కలు 1860ల్లో విపరీతంగా అమ్ముడుపోయాయి. ఒకే నెగటివ్ నుంచి ఎన్ని ప్రతులైనా తీయొచ్చు కాబట్టి పేరున్న పిల్లల బొమ్మలు ఎన్నో ఆల్బముల్లోకి చేరాయి. ఒకదాని మీద పేరు లేకపోతే ఇంకోదాని మీద ఉంటుంది, పోల్చుకోవచ్చు. డాగెరోటైపుకి జత ఉండదు. పోల్చదగ్గది ఒక్కటే, దాన్ని చూసి గీసిన లితోగ్రాఫో (రాతి అచ్చు బొమ్మ) చెక్కుడు బొమ్మో. ఎప్పుడైనా అలా పోల్చేటప్పుడు మీ ఫొటోని కంప్యూటర్‌లో ముందు కుడి ఎడమ తిప్పి అప్పుడు పక్కన పెట్టండి. జుట్టు, బట్టలు వదిలేసి చెవి చూడండి, చెవి మడతలు పెద్దయినా పెద్దగా మారవు. అన్నీ కలిసినా "కావచ్చు" అనే అనాలి.

పెద్దపేరు మోజు ఎంతదాకా తీసుకెళ్తుందో చెప్పడానికి ఇటలీ వయొలిన్ విద్వాంసుడు పగనీని ఫొటో ఒకటి చాలు. ఆయన 1840 మేలో పోయాడు, అప్పటికి డాగెరోటైపు బయటికొచ్చి ఏడాది కూడా కాలేదు. 1900 ప్రాంతంలో ఆయన డాగెరోటైపు అంటూ ఒక బొమ్మ బయటికొచ్చి ఎన్నో చోట్ల అచ్చయింది. అది వయొలిన్ తయారీదారు జుసెప్పె ఫియొరిని సృష్టి అని తర్వాత తేలింది. ఇప్పటికీ అది అసలుదే అనుకుని పంచుకునేవాళ్లున్నారు. మీ కాగితం చీటీ రాసినవాళ్లు మోసం చేయాలనే రాశారని నేననను. ఎవరో తాతగారు మనవడితో "ఇది యోఆకిమ్‌లా లేడూ" అన్న మాట రెండు తరాలకి "ఇది యోఆకిమ్" అయి ఉండొచ్చు. చీటీని మాత్రం పీకేయకండి. తప్పయినా అది ఈ వస్తువు చరిత్రే. అలాగే ఉంచి, పక్కన మీ చీటీ పెట్టండి.

ఇప్పుడు మీరు చేయవలసింది. మంచి ఫొటో తీయడానికి స్కానర్ వాడకండి, గాజు అద్దాల మధ్య వెలుగు తిరిగి బొమ్మ తెల్లబోతుంది, పైగా బోర్లించాలి. నల్లని అట్ట ముక్కకి మధ్యలో లెన్సు పట్టేంత రంధ్రం చేసి, కెమెరా ముందు పెట్టండి. వెలుగు పక్కనుంచి రానివ్వండి. అప్పుడు వెండి అద్దంలో ఆ నల్ల అట్టే కనిపించి, నలుపు నలుపుగా వస్తుంది. పిల్లాడి చేతులు రెండూ, బ్రిడ్జి దగ్గర తీగలు, వయొలిన్ కింది చివర, ఈ మూడు చోట్లూ విడివిడిగా దగ్గర్నుంచి తీసి పంపండి. కింది చివర ఎందుకంటే గడ్డం ఆనించుకునే చెక్క ఉందేమో చూడాలి. దాన్ని జర్మన్ వయొలిన్ విద్వాంసుడు లూయీ స్పోర్ 1820 ప్రాంతంలో కనిపెట్టాడు, అప్పట్లో తీగలు కట్టే పలక మీదుగా సరిగ్గా మధ్యలో బిగించేవాడు. అది లేకపోతే ఏమీ తేలదు, చాలామంది వాడలేదు. ఉంటే మాత్రం, ఎక్కడ ఎలా బిగించారన్నది చూస్తే ఆ పిల్లాడికి గురువు ఎలాంటివాడో కాస్త తెలుస్తుంది.

పెట్టెను మూసే ఉంచండి, పొడిగా ఉన్నచోట, వేడి తగలకుండా. చూపించేటప్పుడు తెరవండి, ఎండలో పెట్టకండి. సంరక్షకుడు విప్పినప్పుడు లోపల చీటీ దొరికితే దాన్ని ముట్టుకోకముందే ఫొటో తీయించి నాకు చూపించండి.

అప్పటిదాకా పెట్టె పక్కన పెట్టే చీటీ మీద పెన్సిల్‌తో నేనైతే ఇలా రాస్తాను: "వయొలిన్‌తో బాలుడు, పేరు తెలియదు. ఆరోవంతు డాగెరోటైపు, బహుశా అమెరికా, 1850ల తొలి సగం. బొమ్మ కుడి ఎడమలు తిరగబడి ఉంది. వాయించడం వచ్చినవాడు."